మేనమామ పోలిక

ఫిబ్రవరి 9, ఆదివారం

మందు ఎక్కించుకున్నాను. నాలుగు సూదులు, గంటా పది నిమిషాలు. సీసాల మీది స్టిక్కర్లు చీల్చి ఆసుపత్రివాళ్ళిచ్చిన పుస్తకంలో అంటించాను. పొట్ట మీద నాలుగు బుడిపెలు లేచాయి. రేపటికి అణిగిపోతాయి.

ఆ పుస్తకం వాళ్ళది, ఈ డైరీ నాది. డాక్టరమ్మ పోరు పడలేక మొదలుపెట్టాను. "ఒంట్లో ఎలా ఉందో రోజూ రెండు ముక్కలు రాసుకోండి, దగ్గొచ్చినా జ్వరమొచ్చినా తేదీ తెలుస్తుంది" అంది. ఒంట్లో బాగుంది. గుండ్రాయిలా ఉన్నాను. రెండు ముక్కలూ అయిపోయాయి.

ఫిబ్రవరి 11

బాగుంది.

ఫిబ్రవరి 13

ఈ నెల సీసాలు తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ చెవులు చూసి, వీపు మీద గొట్టం పెట్టి విని, "ఇంజను కండిషన్లో ఉంది" అంది. లిఫ్టు మెకానిక్కునని నాతో ఇలాగే మాట్లాడుతుంది. లిఫ్టుకి ఇంజనుండదండీ, మోటారుంటుంది అని నేనూ ప్రతిసారీ దిద్దుతాను. ఆవిడ ప్రతిసారీ మర్చిపోతుంది.

లేచి వచ్చేస్తుంటే అడిగింది. "మీ అక్కగారికి బాబు పుట్టాడన్నారు కదా, ఎన్నో నెల?"

"మూడు నిండాయి."

"పరీక్ష చేయించారా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆవిడ కూర్చోమంది. నాకు తెలిసిన సంగతే మళ్ళీ చెప్పింది. ఈ జబ్బుని ఆడవాళ్ళు మోస్తారు, వాళ్ళకేం కాదు, వాళ్ళ మగపిల్లలకి వస్తుంది. అమ్మ మోసింది, నాకొచ్చింది. అక్క మోస్తోందో లేదో సగం సగం. మోస్తుంటే వాడికి రావడం మళ్ళీ సగం సగం.

"అంటే పావు వంతు. ముప్పావు వంతు బాగున్నట్టేగా" అన్నాను.

"నాలుగు తాళ్ళలో ఒకటి తెగిందేమో అని అనుమానముంటే లిఫ్టు నడుపుతారా?"

నడపను. ఆపి చూస్తాను. ఆ మాట ఆవిడతో అనలేదు. చెప్తానండీ అని వచ్చేశాను.

ఫిబ్రవరి 15

అక్కతో ఎలా మొదలుపెట్టాలి? ఇలా అంటే?

అక్కా, మనందరి ఒంట్లో రోగంతో పోట్లాడే యాంటీబాడీలు ఉంటాయి. వాటిని తయారుచేసే కణాలు నాకు పుట్టుకతోనే లేవు. అందుకే చిన్నప్పుడు చెవిలో చీము, ఏడాదికి రెండుసార్లు నెమ్ము, బడికంటే మంచం మీద ఎక్కువ. ఇరవై ఏడో ఏట గాని దానికి పేరు దొరకలేదు. ఇప్పుడు వేలమంది దానం చేసిన రక్తంలోంచి తీసిన యాంటీబాడీలు సీసాలో వస్తాయి, అవి ఎక్కించుకుంటాను. మీ బాబు గుండుకి కూడా ఉందేమో ఒకసారి చూపిద్దాం.

బాగానే వచ్చింది. "ఎక్కించుకుంటాను" అన్నచోట "ఎక్కించుకున్నాను" అనాలి. అక్కకి నా సంగతి తెలుసు, కాకపోతే ఎంతవరకు తెలియాలో అంతవరకే తెలుసు.

ఫిబ్రవరి 16, ఆదివారం

మందు అయింది. అక్కకి ఫోన్ చేశాను.

గుండు అంటే నా మేనల్లుడు. పుట్టినప్పుడు తల మీద ఒక్క వెంట్రుక లేదు, అక్కే ఆ పేరు పెట్టింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి పుట్టాడు. వాణ్ణి చూసిన ప్రతివాళ్ళూ "అచ్చం మేనమామ పోలికే, అదృష్టవంతుడు" అంటారు. ముక్కు నాదే. చెవులు కూడా నావే, చేటల్లా.

నేను రాసుకున్నదంతా ఫోన్‌లో రెండు వాక్యాలైంది. అక్క విని, "నీకు తగ్గిపోయిందన్నావుగా?" అంది.

"ఆఁ, తగ్గింది."

"మరి తగ్గిపోయే జబ్బు కోసం పాలు తాగే పసివాణ్ణి సూదులతో పొడిపించమంటావా? నిన్ను చూడు, దున్నపోతులా ఉన్నావు. ఒకవేళ వచ్చినా నీలాగే తగ్గిపోతుంది. నోరు మూసుకుని పని చూసుకో."

నోరు మూసుకున్నాను.

ఫిబ్రవరి 18

పదకొండంతస్తుల భవనంలో నెలవారీ సర్వీసు. నేనూ తాడు బాబాయీ. ఆయన అసలు పేరు కంపెనీలో సగంమందికి తెలియదు. తాళ్ళ పరీక్షలో ఆయన్ని మించినవాడు లేడు కాబట్టి ఆ పేరు. చేతిలో నూలుగుడ్డ పట్టుకుని ఉక్కుతాడు పొడవునా మెల్లగా జరుపుతాడు. కంటికి కనిపించని తీగ ఎక్కడైనా తెగి ఉంటే గుడ్డ పోగు అక్కడ చిక్కుకుంటుంది. "కంటిని నమ్మకు రా, గుడ్డని నమ్ము" అంటాడు. ఇవాళ మూడోతాడు దగ్గర గుడ్డ ఆగింది. తాడు మార్చాలని రాసిచ్చాం. భవనం మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. "నిన్నటిదాకా బాగానే నడిచిందండీ" అన్నాడు. అందరూ అనే మాటే.

ఫిబ్రవరి 24

నెత్తిన పాలు పోసినట్టుంది!

బావ లెక్కల మాస్టారు. కాగితం మీద అంకె చూస్తే గాని ఆయనకి అన్నం సయించదు. నేను ఫోన్‌లో అన్నది అక్క చెప్పినట్టుంది, తనకి తెలియకుండా గుండుని వీధి చివరి లేబుకి ఎత్తుకెళ్ళి యాంటీబాడీల పరీక్ష చేయించేశాడు. నార్మల్! కాగితం ఫోటో తీసి పంపాడు. కింద "చూశావా బావమరిదీ" అని ఒక ముక్క. అక్క ఫోన్ చేసి గంటసేపు నన్ను ఆడుకుంది. పిరికివాడా అంది. ఎన్ని అన్నా నవ్వుతూనే విన్నాను.

అమ్మకి చెప్తే కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఫిబ్రవరి 25

డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాలి. రేపు చేస్తాను.

ఫిబ్రవరి 27

ఒక్క విషయం. నా రక్తం పరీక్ష చేసినా ఆ అంకె నార్మలే వస్తుంది. అది నాది కాదు, సీసాలోంచి వచ్చింది. మరి గుండుకి సీసా ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. కాబట్టి వాడి ఒంట్లో ఉన్నది వాడిదే. లెక్క సరిపోయింది. బావ ఒక్కడే లెక్కల మాస్టారా ఏంటి.

డాక్టరమ్మకి ఫోన్ చేయడం ఎందుకు, ఎలాగూ పదమూడున వెళ్తాను.

మార్చి 5

బాగుంది. కొంచెం ముక్కు కారుతోంది. వాతావరణం.

మార్చి 13

బావ పంపిన ఫోటో తీసి డాక్టరమ్మ ముందు పెట్టాను, పరీక్ష పాసైన పిల్లాడిలా. ఆవిడ అంకె చూడలేదు. తేదీ చూసింది. తర్వాత వాడి పుట్టినరోజు అడిగింది.

"మూడున్నర నెలలప్పటిది. ఇవి బాబువి కావు" అంది.

"మరెవరివండీ? వాడికెవరూ సీసాలు పెట్టలేదే."

"పెట్టారు. తొమ్మిది నెలలు పెట్టారు. వాళ్ళమ్మ."

కడుపులో ఉన్నప్పుడే తల్లి తన యాంటీబాడీలు పిల్లాడికి ఇచ్చి పంపుతుందట. ఆరో నెల వచ్చేసరికి అవి కరిగిపోతాయి. ఆలోగా పిల్లాడు సొంతంగా తయారుచేసుకోవడం మొదలుపెట్టాలి. చేసుకోగలడో లేదో తెలియాలంటే చూడాల్సింది ఆ అంకె కాదు, వాటిని తయారుచేసే బి కణాల్ని. ఆ పరీక్ష ఇక్కడే చేస్తారు, ఇవాళైనా చేస్తారు. చిన్న సీసాడు రక్తం చాలు. అది తేలేదాకా ప్రాణమున్న క్రిములతో చేసే టీకాలు ఏవీ వేయించొద్దని మరీమరీ చెప్పింది.

నాకు ఇదంతా తెలుసు. నాకు జబ్బు బయటపడ్డ ఏడాది ఈవిడే బొమ్మ గీసి చెప్పింది. తెలిసి కూడా లెక్క సరిపోయిందని రాసుకున్నాను చూడు, ఆ పేజీ చింపేయాలనిపించింది. చింపలేదు. ఉండనీ.

మార్చి 16, ఆదివారం

మందు సాయంత్రానికి వాయిదా వేసి పొద్దున్నే అక్క ఇంటికి వెళ్ళాను. గుండు నా వేలు నోట్లో పెట్టుకుని చిగుళ్ళతో నమిలాడు. వాడు నవ్వుతుంటే చెప్పడం ఎంత కష్టమో.

చెప్పాను. బావ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "అంకె ఉంది కదా" అన్నాడు. అది వాడిది కాదు, అక్కది అన్నాను. అక్క మొహం ఎర్రబడింది.

"అంటే నా పిల్లాడికి సొంతంగా ఏమీ లేదంటావు. నా కడుపులో లోపముంది, దాన్ని వాడికి అంటించానంటావు. అంతేగా?"

"నేనలా అన్నానా అక్కా?"

"ఇంకెలా అంటారు? తొమ్మిదేళ్ళు, ఎన్ని ఆసుపత్రులు తిరిగానో, ఎన్ని సూదులు పొడిపించుకున్నానో నీకు తెలుసు. ఒక్క పిల్లాడు చేతికొచ్చాడు. వాడు పాలు తాగుతున్నాడు, నవ్వుతున్నాడు, బోర్లా పడుతున్నాడు. వాడికి లేని రోగం నువ్వు వెతుకుతున్నావు. నీకొచ్చింది, తగ్గిపోయింది, సంతోషం. మావాడి జోలికి రాకు. ఈ మాట మానేదాకా మా గడప తొక్కకు."

అప్పుడే చెప్పాల్సింది. అక్కా, నాకు తగ్గలేదు అని. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పులేసుకుని వచ్చేశాను.

మార్చి 17

బాగుంది.

మార్చి 19

బాగుంది. అక్క ఫోన్ ఎత్తలేదు.

మార్చి 22

ఎత్తలేదు. డాక్టరమ్మ నంబరు మెసేజ్ పెట్టాను. చూసింది, జవాబు లేదు. పంతంలో మా ఇంటి ఆడవాళ్ళకి ఎవరూ సాటి రారు.

మార్చి 27

ఆఫీసు భవనంలో కరెంటు పోయింది. అలాంటప్పుడు మేం బిగించిన బ్యాటరీ అందుకుని లిఫ్టుని దగ్గర్లో ఉన్న అంతస్తుదాకా తెచ్చి తలుపు తెరుస్తుంది. దాని బలం అంతే. ఇవాళ అందులో ఉన్న పెద్దమనిషి తలుపు తెరుచుకోగానే కరెంటు వచ్చిందనుకుని దిగకుండా మళ్ళీ తొమ్మిది నొక్కాడు. లిఫ్టు కదల్లేదు. మా మీద కేకలేశాడు, ఇంతసేపు నడిచిందిగా అని. నేను ఎప్పుడూ కస్టమర్ల మీద నోరు చేసుకోను. ఇవాళ చేసుకున్నాను. "అది బ్యాటరీ అండీ, కరెంటు కాదు! దిగమన్నప్పుడు దిగాలి!" అని అరిచాను. తాడు బాబాయ్ నన్ను పక్కకి లాక్కెళ్ళి నీళ్ళ సీసా చేతిలో పెట్టాడు.

"ఇంట్లో ఏదైనా గొడవా?" అన్నాడు.

ఏం లేదు అన్నాను. ఇవాళ్టికి గుండుకి నాలుగున్నర నెలలు దాటాయి.

ఏప్రిల్ 13, ఆదివారం

మందు పెట్టుకుంటుంటే అమ్మ తలుపు కొట్టింది. ఆరేళ్ళలో ఎప్పుడూ కొట్టలేదు. ఆదివారం పొద్దున ఆ గంటన్నర నా గది తలుపు వేసి ఉంటుంది, అమ్మ ఇటువైపు రాదు, అక్కతో అనదు. అది మా ఒప్పందం. అయిపోయాక బయటికొచ్చాను. అమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది.

"మా తమ్ముళ్ళ సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు" అంది.

పెద్ద మామయ్య నాలుగేళ్ళకి పోయాడు, చిన్న మామయ్య ఏడాదిన్నరకి. ఇద్దరికీ నెమ్మే. ఆ ఇంట్లో మగపిల్లలు నిలవరు అని చుట్టాలంతా అనేవారట. అమ్మమ్మ ఆ మాట వినీ వినీ ఎవరింటికీ వెళ్ళడం మానేసిందట. చిన్న తమ్ముడికి చెవిలోంచి చీము కారుతుంటే అమ్మే గుడ్డతో తుడిచేదట. అప్పటికి అమ్మకి ఎనిమిదేళ్ళు.

"ఇది నానుంచే వచ్చిందిగా నీకు?" అంది.

"నీ కళ్ళొచ్చాయి, నీ గొంతొచ్చింది, నీ మొండితనం వచ్చింది. వాటికి లేని విచారణ దీనికొక్కదానికే ఎందుకమ్మా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా అమ్మకి తెలియదు. నాకూ నిన్ను పెంచేటప్పుడు తెలియదు. దానికి తెలుసుకునే వీలుంది, నువ్వు తెలుసుకోనివ్వడం లేదు."

"నేనా? నెల రోజులుగా మొత్తుకుంటుంటే!"

"నీకు తగ్గిపోయిందని చెప్పావు. నన్నూ చెప్పనివ్వలేదు. నువ్వు ముందు సరిదిద్దాల్సింది ఆ మాట."

అమ్మ మీద కోపమొచ్చింది. మూడు రోజులదాకా తగ్గేలా లేదు.

ఏప్రిల్ 14

అమ్మ అన్నది తప్పు. ఆరేళ్ళ కిందట అక్కే ఆసుపత్రుల చుట్టూ తిరుగుతోంది, పిల్లల కోసం. రెండోసారి కూడా నిలవలేదని ఏడుస్తూ ఫోన్ చేసిన వారమే నా రిపోర్టు వచ్చింది. అలాంటి మనిషికి, నాకు బతికినంతకాలం సూదులే అని చెప్పాలా? ఏడాది కోర్సు, అయిపోతుంది అన్నాను. ఏడాదయ్యాక అయిపోయింది అన్నాను. ఎవరికి నష్టం?

ఏప్రిల్ 15

ఎవరికి నష్టమో రాయాల్సిన పనిలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

మందు అయింది. అక్క ఫోన్ ఎత్తలేదు. నిజం చెప్పేదేదో ఎదురుగా నిలబడి చెప్పాలి. వచ్చే ఆదివారం వెళ్తాను.

ఏప్రిల్ 27, ఆదివారం

మందు అయింది. కొత్త భవనంలో బిగింపు పని, వెళ్ళడం కుదరలేదు.

మే 4, ఆదివారం

మందు. కుదరలేదు.

మే 11, ఆదివారం

మందు. కుదుర్చుకోలేదు. ఇకనుంచి కుదరలేదు అని రాయను.

మే 19

బావ ఫోన్ చేశాడు. అక్కకి తెలియకుండా, బడి వరండాలోంచి. గొంతు తగ్గించి మాట్లాడాడు.

గుండుకి పదిహేను రోజుల క్రితం జ్వరం, ఎడమ చెవిలోంచి చీము. వీధిలో డాక్టరు మందిచ్చాడు, తగ్గింది. మందు ఆపిన నాలుగోరోజుకి మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు చెవులూ. అక్క రాత్రింబగళ్ళు దిండు గుడ్డలు మారుస్తోంది, ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు.

"బావమరిదీ, ఆ అంకె ఇంకోసారి చేయిస్తే ఇప్పుడు ఏమొస్తుంది?" అన్నాడు.

"నీకు తెలుసుగా బావా."

బడి గంట వినిపించింది. "తనకి చెప్పడం నావల్ల కాదు" అని పెట్టేశాడు.

ఆ దిండు వాసన నాకు తెలుసు. నా చిన్నతనమంతా ఆ వాసనే. భయం వేసింది. ఆరేళ్ళ తర్వాత ఇవాళే భయం వేసింది, నా కోసం కాదు.

మే 25, ఆదివారం

మొత్తం రాస్తాను.

సీసాలు చల్లపెట్టెలో సర్దుకుని, పంపు, సూదులు, గొట్టాలు, పుస్తకం అన్నీ సంచీలో వేసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. తలుపు బావ తీశాడు. అక్క నన్ను చూసి ఏదో అనబోయి, అలసిపోయి ఊరుకుంది. జుట్టు కూడా దువ్వుకోలేదు. గుండు భుజం మీద నిద్రపోతున్నాడు, రెండు చెవుల్లోనూ దూది.

"వాడి గురించి మాట్లాడను. నా పని ఒకటుంది, ఇక్కడ చేసుకుంటాను. నువ్వు చూస్తే చాలు" అన్నాను.

బల్ల తుడిచాను. తెల్ల తువ్వాలు పరిచాను. చేతులు మోచేతులదాకా సబ్బుతో కడుక్కున్నాను. సీసాలోంచి మందు సిరంజిలోకి లాగాను. గొట్టం చివర నాలుగు పాయలు, నాలుగు సూదులు. చొక్కా పైకెత్తి పొట్ట తుడుచుకున్నాను. అక్క ఎదుటి కుర్చీలో కూర్చుంది. మొదటి సూది గుచ్చాను. రెండు. మూడు. నాలుగోది గుచ్చేటప్పుడు మామూలుగా నేను పాట ఏదైనా కూనిరాగం తీస్తాను, ఇవాళ రాలేదు.

"ఏంట్రా ఇది?"

"నా మందు."

"తగ్గిపోయిందిగా!"

"తగ్గలేదక్కా. తగ్గదు. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం పెట్టుకుంటున్నాను. బతికినన్నాళ్ళూ పెట్టుకోవాలి. తగ్గిందని నీకు అబద్ధం చెప్పాను."

పంపు నొక్కాను. అక్క గుండుని బావకి ఇచ్చి, లేచి వచ్చి నా వీపు మీద ఒక్కటిచ్చింది. చిన్నప్పుడు కొట్టినట్టే, అరచేత్తో. సూదులు కదులుతాయక్కా అంటే ఇంకోటిచ్చింది.

"నిన్ను చూసుకునే కదరా నేను ధైర్యంగా ఉన్నాను! నీకే తగ్గిపోయింది, వీడికేమవుతుందిలే అనుకున్నాను. మూడు నెలలు! నీ మాట నమ్మి మూడు నెలలు వాణ్ణి అలా వదిలేశాను!"

ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మగాడివి ఏడుస్తావేంట్రా అనే మనిషి ఇవాళ అనలేదు. క్షమించమని అడిగాను. ఇంకా క్షమించలేదు, తర్వాత చూద్దాం అంది. న్యాయమే.

తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది. మా అక్క ఏడుపు ఆపిందంటే ఇక ప్రశ్నలే. నొప్పెంత? ఎంతసేపు? ఇంత చిన్నపిల్లలకి సూది ఎక్కడ పెడతారు? జ్వరమొస్తే ఎన్ని గంటల్లో వెళ్ళాలి? నీకు చివరిసారి నెమ్ము ఎప్పుడొచ్చింది?

"మందు మొదలుపెట్టాక రాలేదు."

"నిజంగానా? ఇదీ అబద్ధమా?"

పుస్తకం చేతికిచ్చాను. ఒక్కొక్క పేజీ తిప్పింది. మూడొందల పైచిలుకు ఆదివారాలు, ప్రతిదానికీ స్టిక్కర్లు, పక్కన నా సంతకం. బావ వెనకనుంచి వంగి చూస్తూ లెక్కపెట్టుకుంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి. "ఒక్కటీ తప్పలేదు" అన్నాడు.

"రేపు పొద్దున్నే తీసుకెళ్దాం. నువ్వు సెలవు పెట్టు" అంది అక్క.

మే 26

రక్తం తీశారు. గుండు మిన్నంటేలా ఏడ్చాడు. ఊపిరితిత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయని డాక్టరమ్మ అంది. చెవులకి గట్టి మందిచ్చింది.

మే 28

ఫలితం రాలేదు. పనిలో రెండుసార్లు పానా జారవిడిచాను. తాడు బాబాయ్‌తో మొత్తం చెప్పేశాను, నా జబ్బుతో సహా. ఎనిమిదేళ్ళుగా పక్కపక్కన పనిచేస్తున్నాం. "మరి దుమ్ములో ముసుగు వేసుకోమంటే వేసుకోవేంట్రా వెధవా" అని తిట్టాడు. సాయంత్రానికల్లా రెండు పెట్టెలు కొనుక్కొచ్చి నా బ్యాగులో పడేశాడు.

మే 30

ఉంది.

బి కణాలు దాదాపు సున్నా.

మే 31

నిన్న రాయలేకపోయాను.

డాక్టరమ్మ చెప్తుంటే అక్క కుర్చీ చేతులు పట్టుకుని వింది. బావ కాగితం అడిగి తీసుకుని ఆ సున్నా వైపే చూస్తూ కూర్చున్నాడు. అమ్మ కూడా వచ్చింది. "నావల్లే" అని మొదలుపెట్టబోయింది. అక్క తిరిగి, "అమ్మా, నీవల్లైతే నావల్ల కూడా. ఇద్దరం కూర్చుని ఏడిస్తే వాడికి మందెవరు పెడతారు? ఊరుకో" అంది. కోర్టులో తీర్పు చెప్పినట్టు. అమ్మ ఊరుకుంది, అక్క చెయ్యి పట్టుకుంది.

డాక్టరమ్మ మాటలు రాసిపెట్టుకోవాలి. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. చెవులు మానతాయి. నెమ్ము ఒక్కసారి కూడా రాకుండానే దొరికాడు. మందు తప్పకుండా పడితే బడికి వెళ్తాడు, ఆడుకుంటాడు, పెళ్ళి చేసుకుని పెళ్ళాంతో తిట్లు తింటాడు.

నా కుడి ఊపిరితిత్తి అడుగుభాగం చిన్నప్పటి నెమ్ములతో పాడైపోయింది. ఎక్స్‌రేలో తెల్లగా మచ్చ. వాడికి ఆ మచ్చ లేదు. ఇది రాస్తుంటే ఎంత సంతోషంగా ఉందో, ఎంత దిగులుగా ఉందో. రెండూ ఉన్నాయి. సంతోషమే ఎక్కువ.

జూన్ 1, ఆదివారం

మందు. హాల్లో కూర్చుని పెట్టుకున్నాను. అమ్మ పక్కన కూర్చుని స్టిక్కర్లు అంటించింది, వంకరగా.

జూన్ 5

ఇవాళ గుండుకి మొదటి మందు. మొదటిసారి కాబట్టి ఆసుపత్రిలోనే, చేతి నరంలోకి, బొట్టుబొట్టుగా నాలుగు గంటలు. అలవాటయ్యాక ఇంట్లోనే వారం వారం పెట్టొచ్చట, అక్క నేర్చుకుంటానంది. సూది పడేటప్పుడు ఏడ్చాడు గాని తర్వాత ఆ గొట్టాన్ని నోట్లో పెట్టుకోవాలని చూడటంలో మునిగిపోయాడు. బావ ఆ చేతిని పట్టుకుని కూర్చున్నాడు. నిమిషానికి ఎన్ని బొట్లో గడియారం చూసి లెక్కేస్తున్నాడు. నర్సు తప్పు చెప్పిందని ఒకసారి వాదన కూడా పెట్టుకున్నాడు, ఆయనే తప్పు.

రెండో గంటలో వాడు నిద్రపోయాడు. నర్సు ఒక ఫారం తెచ్చి అక్కకిచ్చింది. కుటుంబంలో ఈ జబ్బు ఇంకెవరికైనా ఉందా, వరసల ప్రకారం రాయాలి. పిల్లాడికి ఏమవుతారు, ఎన్నేళ్ళు, ఇప్పుడు ఎలా ఉన్నారు, మూడే గడులు. నేను పక్క కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాను.

అక్క మెల్లగా రాసింది. పైకి చదువుతూ రాయడం తనకి చిన్నప్పటినుంచీ అలవాటు.

"తల్లికి పెద్ద మేనమామ. నాలుగేళ్ళు. లేడు."

"తల్లికి చిన్న మేనమామ. ఏడాదిన్నర. లేడు."

కలం ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది, ఈసారి పైకి చదవలేదు. కలం గీసే చప్పుడే వినిపించింది, ఎక్కువసేపు వినిపించింది. ఒక మాటకి అంతసేపు పట్టదు.

కొంచెం కన్ను తెరిచి చూశాను. గడి చాలక అక్షరాలు కిందికి దిగిపోయాయి.

"పిల్లాడి మేనమామ. ముప్పై మూడేళ్ళు. ఉన్నాడు. పనికి వెళ్తున్నాడు. ఇదిగో, నా పక్కనే కూర్చుని నిద్రపోతున్నాడు."

నేను నిద్రపోలేదు. కన్ను మళ్ళీ మూసుకున్నాను, అంతే.